రెండు వేళ్ల సందు

వర్క్‌షాప్,
శుక్రవారం

అక్కా,

మంగళవారం పొద్దున ఏడున్నరకి బావ సరుకు బండి కొండ దిగుతూ మూడో మలుపులో పక్కకి పడిపోయింది. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఆయన ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. నాకు ఖాయంగా తెలిసింది ఇంతే. మిగతాదంతా కారిడార్‌లో బెంచీ మీద కూర్చుని విన్నది. బ్రేకు పట్టలేదని ఒకరు, పైనుంచి రాయి దొర్లిందని ఒకరు. బావ సామాను చేరవేసే చోట సొరంగం తవ్వేవాళ్ల మేస్త్రీ అయితే అడవిపంది అడ్డం వచ్చిందని కళ్లారా చూసినట్టే చెప్పాడు. ఆ పొద్దున అతను కొండ మీదే లేడని తర్వాత తెలిసింది.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని కోప్పడకు. ఫోన్ చేస్తే నువ్వు బావ మంచం పక్కన నిలబడే మాట్లాడతావు. నేను అడగాల్సినవి అలా అడగ్గలిగేవి కావు. నేను గదిలోకి వచ్చినప్పుడు బావ గోడ వైపు తిరిగి ఉన్నాడు. "నిద్రపోతున్నారు" అన్నావు నువ్వు. నిద్రపోతున్న మనిషి దుప్పటి అంచుని అలా వేళ్లతో నలపడు.

కొండ దారుల కోసం ఆ బండి ఎత్తు పెంచింది నేను. బండి బరువు మోసే కమాను కట్టల కింద దిమ్మలు పెట్టి, పెద్ద టైర్లు ఎక్కించి, వాటికి చోటు చాలక మడ్‌గార్డులు కోసింది నేను. అదే నెలలో అలాంటిదే ఇంకో బండి కూడా చేసిచ్చాను. అవే టైర్లు, అవే దిమ్మలు. అది తేనెటీగలాయనది. కొండల్లో పూత ఎక్కడుంటే అక్కడికి ఈగల పెట్టెలు మోసుకుపోతాడు. ముందు సీట్లో ఆయన భార్య, ఆమె ఒళ్లో పాప. ఆ బండి ఇప్పుడు కూడా ఏదో ఒక కొండ మీద తిరుగుతూ ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను. మలుపు ఎడమదా, కుడిదా? స్టీరింగు చివరిదాకా తిప్పి ఉందా? అంతకు ముందు ఎప్పుడైనా ముందు చక్రం దగ్గర ఏదో గీరుకుంటున్న చప్పుడు వచ్చిందా? బ్రేకు పెడల్ గట్టిగానే ఉందా, మెత్తగా కిందికి పోయిందా? బావ నాతో మాట్లాడకపోతే పోనీ, నీతో చెప్పమను. గీరుకుందని ఒక్క మాట వస్తే చాలు, ఆ రెండో బండి ఎక్కడున్నా వెనక్కి పిలిపిస్తాను.

నీ మరదలు దుప్పట్లు, తువ్వాళ్లు పంపుతోంది. నువ్వు వేళకి తింటున్నావో లేదో రాయమంది.

తమ్ముడు

*

ఆసుపత్రి, రెండో అంతస్తు,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నోడా,

దుప్పట్లు అందాయి. తింటున్నానని మరదలికి చెప్పు. కింద క్యాంటీన్‌లో దొరికేదాన్ని తిండి అనొచ్చో లేదో నువ్వు వచ్చినప్పుడు చూశావుగా.

మీ బావకి జ్వరం తగ్గింది. నర్సు వచ్చి "నొప్పి ఎక్కడండీ?" అని అడిగితే "లేని చోట" అన్నారు. నవ్వాలో వద్దో తెలీక ఆ పిల్ల పరుపు సర్ది వెళ్లిపోయింది. నిజంగానే లేని పాదం నొప్పెడుతుందట. బొటనవేలు దురద పెడుతోందని చెప్పి, గోకమని నన్ను వేళాకోళం చేస్తున్నారు. నేను బయటికి వెళ్లి కాసేపు మెట్ల మీద కూర్చుని వస్తాను.

నువ్వడిగిన వాటికి జవాబు. మలుపు ఎడమది. సామాను పైన దించేసి వస్తున్నారు, బండి ఖాళీ. వేగంగా వచ్చేశానన్నారు. గేరు తగ్గించాల్సిన చోట తగ్గించలేదట. "నాదే తప్పు. మీ తమ్ముడికి ఈ ముక్క చెప్పు" అన్నారు. చెబుతున్నాను. పోలీసులకీ అదే చెప్పారు. బండి వాళ్ల యార్డులో ఉంది. దాన్ని చూడ్డానికి నువ్వు రావద్దు. "వాడొచ్చి ఆ ఇనుం చుట్టూ ప్రదక్షిణాలు చేస్తే నేను చూళ్లేను" అంటున్నారు.

మీ ఇద్దరికీ మధ్య జరిగింది నేను మర్చిపోలేదు. సర్కస్ అన్న మాట ఆయన అనకుండా ఉండాల్సింది. కానీ ఇప్పుడు దాని గురించి మాట్లాడే ఓపిక ఈ గదిలో ఎవరికీ లేదు.

నీ పనిలో లోటేమీ లేదు. ఇక ఏమీ అడగకు, చిన్నోడా.

అక్క

*

వర్క్‌షాప్,
గురువారం

అక్కా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. ఇల్లు చేరారని, బావ ఊతకర్రలతో వంటింటిదాకా నడుస్తున్నాడని నీ మరదలు చెప్పింది.

నీ ఉత్తరం చదివి నేను మొదట చేసిన పని గట్టిగా ఊపిరి తీసుకోవడం. బావ కాలు పోయిన కబురు ఉన్న కాగితంలో నాకు కావలసిన వాక్యం ఒకటి వెతుక్కున్నాను. అది దొరగ్గానే చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాను.

సర్కస్ మాట నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. మన దగ్గర ఎత్తు పెంచిన బండి ఏదైనా గేటు దాటే ముందు ఇంటిల్లిపాదీ దాని మీదికి ఎక్కాల్సిందే కదా. నాన్న పెట్టిన పద్ధతి. ఒక ముందు చక్రాన్ని నేల మీద పెట్టిన దిమ్మ మీదికి ఎక్కించి, ఆ వైపు కమాను కట్ట పూర్తిగా అణిగాక, స్టీరింగుని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పాలి. టైరుకీ ఇనుముకీ మధ్య రెండు వేళ్లు పడుతున్నాయో లేదో కింద పడుకుని చూడాలి. బరువు మనమే. పెద్దత్తయ్య బానెట్ మీద, నువ్వు ఎడమ బంపరు మీద, మిగతావాళ్లు కుడి బంపరు మీదా ముందు సీట్లోనూ. పోయినేడు బావ ఏమన్నాడో గుర్తుందిగా? కస్టమర్లు ఇద్దరు నిలబడి ఉండగా, "ఇది వర్క్‌షాపా, సర్కస్ కంపెనీనా? మేనత్తని తూకం రాయి చేసినవాణ్ని నిన్నే చూశాను" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దత్తయ్య బానెట్ దిగలేక దిగలేక దిగుతూ మరీ నవ్వింది. నేను నవ్వలేదు.

అందుకే బావ బండికీ, తేనెటీగలాయన బండికీ సర్కస్ పెట్టలేదు. ఎవర్నీ పిలవలేదు. వెనక నీళ్ల డ్రమ్ములు నింపి పెట్టి, కొలిచిన బరువుతో, పద్ధతిగా చూశాను. రెండు బండ్లకీ సందు సరిగ్గానే ఉంది. డ్రమ్ములు జోకులు వేయవు, బానెట్ మీంచి దించమని చేయి అడగవు. ఎప్పుడైనా వీలు చూసి బావకి చెప్పు.

సోమవారం తేనెటీగలాయన గ్రీజు కొట్టించుకోడానికి వచ్చాడు. వానలన్నాళ్లూ బండి షెడ్డులోనే ఉందట, మళ్లీ ఇప్పుడే బయటికి తీశాడు.

"కొండ మీద పడిపోయిన బండి కూడా నీ చేతి పనేనంటగా. నాదొకసారి చూస్తావా?" అన్నాడు.

"అది డ్రైవరు తప్పండీ. బండి తప్పు కాదు" అన్నాను.

"డ్రైవరు మీ బావంటగా?"

"అయితే?"

"ఏం లేదు. అడిగాను."

చక్రం దగ్గర కూర్చుని వేళ్లు పెట్టి చూశాను. రెండు వేళ్లు సుఖంగా పట్టాయి. దిమ్మ ఎక్కించి కూడా చూద్దామంటే, బండి నిండా పెట్టెలు, ఎండ ముదిరితే లోపల ఈగలు ఉక్కకి చస్తాయని ఆయన తొందర. పోనిచ్చాను. పై కొండల్లో పూత మొదలైందట. నెలన్నర అటే ఉంటానన్నాడు.

బావతో మాట్లాడాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలో నువ్వే చెప్పు.

తమ్ముడు

*

ఇల్లు,
మంగళవారం

చిన్నోడా,

నిన్న ఫోన్లో అరిచేశాను. "ఆ బండిని ఆపు" అని చెప్పి, నువ్వు ఎందుకు ఎందుకు అంటుండగానే పెట్టేశాను. ఎందుకో ఇది.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని తొడకి వ్యాయామం చేసుకుంటున్నారు. నీ ఉత్తరాలు నేను చదువుతుంటే విననట్టే ఉంటారు. అన్నీ వింటారు. డ్రమ్ముల సంగతి దగ్గర కాలు ఆడించడం ఆపేశారు. తేనెటీగలాయన సంగతికి వచ్చేసరికి "ఆగు" అన్నారు.

"వాడు పోనిచ్చాడా?"

"పోనిచ్చాడట."

"డ్రైవరు తప్పని చెప్పాడా?"

"మీరే కదా చెప్పమన్నది."

"వాడికి చెప్పమన్నాను. వాణ్ని ఊరందరికీ చెప్పమనలేదు."

తర్వాత చెప్పారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

గీరుకునే చప్పుడు వచ్చింది. పడిపోవడానికి రెండు వారాల ముందు నుంచీ వస్తోంది. ఎక్కేటప్పుడు లేదు, సరుకుతో ఉన్నప్పుడు లేదు. ఖాళీ బండితో దిగుతూ, బ్రేకు నొక్కి, ఎడమకి చివరిదాకా తిప్పినప్పుడు, లోపలి చక్రం గట్టు ఎక్కితే బర్రుమని వచ్చేది. మడ్‌గార్డు అనుకుని రాయితో కొట్టి బయటికి వంచారు. తగ్గలేదు. నీ దగ్గరికి తీసుకురావాలనుకున్నారు. తీసుకొస్తే నువ్వు అందర్నీ బండెక్కిస్తావు, అందరితో పాటు ఆయనా ఎక్కాలి. "సర్కస్ అన్న నోటితో ఏ మొహం పెట్టుకుని ఎక్కను?" అన్నారు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ నడిపారు.

ఆ పొద్దున వేగంగా రాలేదు. గేరు తగ్గించే ఉన్నారు. మూడో మలుపులో పెడల్ ఒకసారి మెత్తగా అయింది, రెండోసారి నేలకి తగిలింది. కొండ వైపు రాసుకుంటూ ఆపుదామని చూశారు. ఆ వైపు చక్రం రాయెక్కి బండి తిరగబడింది.

"మరెందుకు అబద్ధం చెప్పారు?" అని అడిగాను.

"నిజం చెబితే కాలు మొలుస్తుందా? వాడు ఇంక ఏ బండి కిందా పడుకోలేడు. వాడికి ఆ పని తప్ప ఇంకోటి రాదు" అన్నారు.

ఇక నా సంగతి. ఫ్లాస్కూ చొక్కాలూ తెచ్చుకోడానికి ఆసుపత్రి నుంచే ఒకసారి యార్డుకి వెళ్లాను. ఇన్నేళ్లు ఎడమ బంపరు మీద కూర్చున్నదాన్ని, వంగితే ఎక్కడ చూడాలో నాకు తెలుసు. చక్రం లోపలి వైపున్న బ్రేకు గొట్టం తెగి ఉంది. కోసినట్టు కాదు, అరిగి తెగినట్టు. చూసి, ఫ్లాస్కు తీసుకుని వచ్చేశాను. నువ్వు చప్పుడు గురించి అడిగావు, నేను మలుపు గురించి జవాబు రాశాను. రెండో బండిని నువ్వెలాగూ పైకెత్తి చూస్తావనుకున్నాను. ఆయన పరువు తాకట్టు పెట్టి నీకు తెచ్చిచ్చిన నిద్రని నేను చెడగొట్టడమెందుకనుకున్నాను. ఆ పాప ఉందని నువ్వు రాసిన ఉత్తరం కూడా నా సంచీలోనే ఉంది.

వెళ్లు. వెతుకు. తర్వాత తిట్టుకుందాం.

అక్క

*

పోలీసు యార్డు ఎదుటి టీ కొట్టు,
శనివారం

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. నువ్వు ఫోన్ చేసిన రోజు నుంచీ ప్రయత్నిస్తున్నాను, తేనెటీగలాయన ఫోన్ కలవడం లేదు. పై కొండల్లో ఎవరి ఫోనూ కలవదట. ఇవాళ పొద్దున్నే బయల్దేరాను. దారి మీ ఊరి మీదుగానే కాబట్టి యార్డులో ఆగాను.

గొట్టం చూశాను. టైరు పక్క అంచు మీద అదే వెడల్పున నున్నటి చార ఉంది. స్టీరింగు ఎడమకి తిప్పితే ఎడమ చక్రం వెనక అంచు లోపలికి, ఛాసిస్ వైపుకి వస్తుంది. కట్ట అణిగితే టైరు పైకి లేస్తుంది. రెండూ ఒకేసారి జరిగితే ఆ అంచు వచ్చి గొట్టానికి తగులుతుంది. రెండింట్లో ఏదో ఒకటే జరిగితే తగలదు. నేను చూసినప్పుడు ఒకటే జరిగింది.

ఎందుకో నిన్న తెలిసింది. మన షాపు వెల్డరు బండి వెనక ఆ డ్రమ్ములే నింపి పెట్టి చూశాను. డ్రమ్ములు ఎక్కేకొద్దీ బండి ముక్కు పైకి లేచింది. బరువంతా వెనక ఇరుసు వెనక్కి పడుతుంటే ముందు కట్ట అణిగేదెక్కడ? దిమ్మ ఎక్కించినా అది సగమే అణిగింది. కొలిచిన బరువు, పద్ధతి అని నీకు రాశాను చూడు, ఆ పద్ధతిలో నేను ముందు చక్రాన్ని అసలు పరీక్షే చేయలేదు. డ్రమ్ములు దించేసి, వెల్డర్నీ వాళ్లావిణ్నీ బానెట్ మీద కూర్చోబెట్టాం. ముక్కు వంగింది.

నాన్న అందర్నీ ముందుకి ఎందుకు ఎక్కించేవాడో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. పెద్దత్తయ్యని బానెట్ మీద కూర్చోబెట్టడం పెద్దావిడకి ఇచ్చే మర్యాద అనుకున్నాను. నవ్వకు. నిన్నటిదాకా నిజంగా అలాగే అనుకున్నాను.

బావ తన తప్పని ఒప్పుకున్నాడని నువ్వు రాసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నాకు తెలిసి బావ ఒప్పుకున్న మొదటి తప్పు అది. అదీ చేయనిది.

మీ వీధి చివరిదాకా వచ్చాను. కిటికీకి ఆనించి ఊతకర్ర కనిపించింది. లోపలికి రాలేదు. ఆ రెండో బండి దొరికాక వస్తాను. దొరక్కముందు ఏం మొహం పెట్టుకుని రావాలో తెలియలేదు.

కొత్త గొట్టాలు, స్టీరింగు మరీ తిరక్కుండా ఆపే అడ్డం బోల్టులు, జాకీ వెంట ఉన్నాయి. కనుమకి ఇవతల డీజిల్ బంకులో ఆగి అడుగుతూ పోతాను.

తమ్ముడు

*

ఇల్లు,
బుధవారం

చిన్నోడా,

ఈ కాగితాన్ని డీజిల్ ట్యాంకరు డ్రైవరు చేత పంపుతున్నాను. బంకులో నీకిస్తానన్నాడు. నీ ఫోన్ కూడా కలవడం మానేసింది.

మీ బావ నాలుగు రోజులుగా ఆ కుర్చీ దిగలేదు. తెలిసిన డ్రైవర్లందరికీ ఫోన్లు. సగం మంది ఆయన గొంతు విని ఏడ్చారు, సగం మంది ఏం మాట్లాడాలో తెలీక వాతావరణం గురించి చెప్పారు. "అన్నా, అక్కడ వాన పడుతుందా?" "పడితే గొడుగేస్తాను గానీ, ఈగల పెట్టెల బండి చూశావా లేదా?" ఇలా సాగింది. చివరికి కంకర లారీ అతను చూశానన్నాడు. కనుమ దాటాక పాత రాతి క్వారీ పక్క వాలులో పెట్టెలు దించి ఉన్నాయట. నీలం పట్టాల గుడారం. పాప బండి టైరు పక్కన మట్టిలో ఆడుకుంటోందట. అది విన్నాక మీ బావ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

నీకు రాయమన్నవి రాస్తున్నాను. "బండి కింద దూరేముందు చక్రాలకి అడ్డాలు పెట్టుకోమను. వాడూ ముక్కలైతే ఇద్దర్ని ఎత్తలేవు నువ్వు." తర్వాత, "ఆయన బండి ఇవ్వనంటే తాళం లాక్కోమను. కొడితే కొట్టించుకోమను." తర్వాత ఇంకేదో చెప్పబోయి, "ఇక చాలు, నీ చేతిరాతే నీకు అర్థం కాదు" అన్నారు.

వీధి చివరిదాకా వచ్చి వెళ్లిపోయావని చదివాను. "చూశాను" అన్నారు. కిటికీలోంచి నిన్ను చూశారట.

"పిలవలేదేం?"

"లేచి వెళ్లి తలుపు తీద్దామనుకున్నాను. లేవబోయాక గుర్తొచ్చింది. కర్ర అందుకునేసరికి వాడు లేడు."

వచ్చే శుక్రవారం పదకొండింటికి ఆసుపత్రిలో కొత్త కాలికి కొలతలు తీస్తారు. మెట్ల మీద ఆయన్ని ఎత్తి దించడానికి ఒక మనిషి కావాలి. బయటివాళ్లు పట్టుకుంటే ఆయనకి నచ్చదు. నిన్ను రమ్మనమని ఆయన అనలేదు. "ఎవరొస్తారు?" అని మాత్రం రెండు సార్లు అడిగారు.

అక్క

*

పాత క్వారీ పక్క వాలు,
మంగళవారం

అక్కా,

బండి దొరికింది. ముగ్గురూ క్షేమం. బావకి ముందు ఈ వాక్యం చదువు, మిగతాది తర్వాత.

మొన్న పొద్దెక్కాక చేరాను. నీలం గుడారం, వాలు నిండా పెట్టెలు, కంకర లారీ అతను చెప్పినట్టే. నన్ను చూసి తేనెటీగలాయన నవ్వాడు. "తేనె కోసం ఇంత దూరమా? చెబితే పంపేవాణ్నిగా" అన్నాడు. నేను వెంటనే చక్రాలకి అడ్డాలు పెట్టి, జాకీ వేసి, కిందికి దూరాను. ఎడమ గొట్టం పైరబ్బరు పోయింది. లోపలి దారాలు తెల్లగా బయటికి వచ్చి ఉన్నాయి. కొన్ని తెగి వేలాడుతున్నాయి. నా బొటనవేలు పెట్టి నొక్కితే తడి తగిలింది.

ఆయన్ని కూడా కిందికి రమ్మన్నాను. పక్కన పడుకుని చూశాడు. బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాడు.

"ఆ రోజు నేనడిగాను" అన్నాడు.

"అడిగారు."

"డ్రైవరు తప్పన్నావు."

"అన్నాను. డ్రైవరు తప్పు కాదు. నాది."

ఆయన భార్య గుడారం లోంచి అంతా వింటోంది. "గీరుకుంటోందని నేను చెబుతూనే ఉన్నానన్నా" అంది నాతో. "ఆ బర్రు చప్పుడు వస్తే పాప పకపకా నవ్వుతుంది. దాని నవ్వు కోసం ఈయన మలుపుల్లో కావాలని చివరిదాకా తిప్పేవాడు." ఆయన అక్కడి నుంచి లేచి పెట్టెల వైపు వెళ్లిపోయాడు. చాలాసేపు ఒక్కో పెట్టె మూతా ఎత్తి చూస్తూ తిరిగాడు. తెరవాల్సిన పనేమీ లేదని నాకు కూడా తెలుస్తూనే ఉంది.

తిరిగొచ్చి, బండి నీ వర్క్‌షాపుకి పంపను అన్నాడు. ఒకసారి చూసి పోనిచ్చినవాడికి రెండోసారి ఇవ్వనన్నాడు. బావ చెప్పినట్టు తాళం లాక్కునేవాణ్నే. కానీ ఆయన అన్నదాంట్లో కాదనడానికి నాకేమీ కనిపించలేదు. బతిమాలాను. చివరికి ఆయన ఒక దారి చెప్పాడు. గొట్టాలు మార్చి, ఛాసిస్ పైవైపు నుంచి తిప్పి కట్టాలి. చక్రం అంత లోపలికి తిరక్కుండా అడ్డం బోల్టులు బిగించాలి. ఆ తర్వాత ఇక్కడే, ఈ వాలులోనే, దిమ్మ ఎక్కించి చూడాలి. ముందు పెట్టెలన్నీ ఎక్కించి ఒకసారి, అన్నీ దించేసి ఒకసారి. "స్టీరింగు మా ఆవిడ తిప్పుతుంది. మా అన్నదమ్ములు ముందు కూర్చుంటారు. నువ్వు కింద ఉంటావు, నీ పక్కన నేనుంటాను. వేళ్లు నావి పెడతాను. నీవి కాదు" అన్నాడు.

సరేనన్నాను. గొట్టాలు మార్చడం అయిపోయింది, బోల్టులు ఇవాళ బిగిస్తున్నాను. ఈగలన్నీ పెట్టెల్లోకి చేరాక, ఎండ రాకముందే పెట్టెలు ఎక్కించాలి. ఆయన అన్నదమ్ములు గురువారం సాయంత్రానికి గానీ రారు. అందుకని ఆ పని శుక్రవారానికి పడింది. అది చూడకుండా నేను కదిలితే ఆయన శనివారం ఇలాగే బయల్దేరతాడు. పూత ఎవరి కోసమూ ఆగదంటున్నాడు.

ఇక్కడి నుంచి మీ ఊరికి ఒక రోజు ప్రయాణం. ఎలా లెక్కేసినా పదకొండింటికి ఆసుపత్రిలో ఉండలేను. బావ "ఎవరొస్తారు?" అని అడిగాడని రాశావు. ఆ ముక్క చదివాక కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బోల్టు బిగించడానికి మళ్లీ కిందికి దూరాను. నేను రాలేనని నువ్వే చెప్పాలి. ఎందుకో కూడా చెప్పు. అర్థం కాదని కాదు, బావకే అందరికంటే బాగా అర్థమవుతుంది. అదే నాకు కష్టంగా ఉంది.

ఈ ఉత్తరం తెచ్చే కంకర లారీ అతని చేతే వెల్డరుకీ కబురు పంపాను. శుక్రవారం తొమ్మిదింటికల్లా మీ వాకిట్లో ఉంటాడు. బావని నడుం దగ్గర కాదు, భుజాల కింద పట్టుకోమని చెప్పు. తొందరపడొద్దని చెప్పు.

శుక్రవారం పొద్దున ఐదున్నరకి ఇక్కడ పెట్టెలు ఎక్కిస్తారు. ఆరున్నరకి బండిని దిమ్మ ఎక్కిస్తాం. ముందు ఎడమ చక్రం.

తమ్ముడు